దూరంగా ఉండమన్నారు, ఎక్కడ ఉండమన్నారు?

(రాజోలు దగ్గర ఒక పేటలో, చర్చి ఆవరణలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. కొన్నిచోట్ల మాత్రం కుదించాం.)



కరోనా రోజుల్లో ప్రభుత్వం పెట్టిన క్వారంటైన్లు పనిచేశాయా లేదా, దానిమీద మాట్లాడమన్నారు నన్ను. ఇక్కడికి వొస్తుంటే దారిలో ఒక బాబాయి అడిగాడు, "ఇప్పుడెందుకురా ఆ గోల, అయిపోయింది కదా" అని. అయిపోయింది గనకే మాట్లాడాలండి. మనం లంకల పక్కన బతికేవాళ్ళం. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో వరద తీశాక చూసుకుంటాం గానీ వరదలో చూసుకోలేం కదా.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. క్వారంటైన్ అంటే నలభై అని అర్థం. ఇటలీలో వెనిస్ రేవుకి వొచ్చే ఓడల్ని, ప్లేగు ఉందేమోనన్న భయంతో, నలభై రోజులు రేవు బయటే ఆపేసేవాళ్ళు. అంతకుముందే 1377లో రగూసా అనే ఇంకో రేవులో ముప్ఫై రోజులు ఆపారు. అక్కణ్ణించి వొచ్చింది మాట. 2020 మార్చిలో టీవీలో ఈ ముక్క చెబుతుంటే మా పేటలో ఒక మామ్మ పక్కున నవ్వింది. "నలభై రోజులేనా? మనల్ని ఊరవతల పెట్టి ఎన్నాళ్ళయిందిరా అబ్బాయా?" అంది. అందరం నవ్వుకున్నాం. నవ్వులో ఏడుపుంది, అది మీకు చెప్పక్కర్లేదు.

అయితే ఒక మాట. మన ఉపన్యాసాల్లో చాలామంది ఆ మామ్మ మాట దగ్గరే ఆగిపోతున్నారు. క్వారంటైన్ అంటే అంటరానితనమే, అగ్రకులాల కుట్రే అనేసి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతున్నారు. నేను ఒప్పుకోను. అంటరానితనానికి ఏ కారణమూ లేదు, అది పచ్చి అబద్ధం మీద నిలబడింది. జబ్బు అబద్ధం కాదు. మనవాళ్ళు చనిపోయారు. ఈ ఆవరణలో కూర్చున్నవాళ్ళలో అమ్మని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ వైరసు ఎలాంటిదంటే, లోపలికి వొచ్చాక సుమారు అయిదు రోజులకి జొరం, దగ్గు బయటపడతాయి. కొందరికి పద్నాలుగు రోజుల దాకా పట్టొచ్చు. బయటపడక ముందు ఒకటి రెండు రోజుల నించే పక్కవాళ్ళకి అంటుకుంటుంది. అంచేత జబ్బు తగిలి ఉండొచ్చనుకున్న మనిషిని పద్నాలుగు రోజులు విడిగా ఉంచడం సరైన పనే. అది సైన్సు. మనం సైన్సుకి వ్యతిరేకం కాదు, బాబాసాహెబ్ మనకి నేర్పింది అది కాదు.

నా లెక్క వేరు. క్వారంటైన్‌లో రెండు సగాలున్నాయి. మనిషిని కదలకుండా ఆపడం ఒక సగం. ఆపిన మనిషికి గది, మరుగుదొడ్డి, నీళ్ళు, కూడు, పోయిన కూలి ఇవ్వడం రెండో సగం. మొదటి సగం లాఠీతో అయిపోతుంది. రెండోదానికి డబ్బు కావాలి, మనిషిని మనిషిగా చూసే బుద్ధి కావాలి. రెండో సగం జరిగిన చోట క్వారంటైన్ పనిచేసింది, జరగని చోట పనిచెయ్యలేదు. ఇంతే నేను చెప్పేది. ఇక మన కోనసీమ సంగతులతోనే చూద్దాం.

2020 మార్చి 12న నెల్లూరులో మన రాష్ట్రంలో మొదటి కేసు తేలింది. ఇటలీ నించి వొచ్చిన కుర్రాడు. అక్కణ్ణించి విదేశాల నించి వొచ్చినవాళ్ళ జాబితాలు మొదలయ్యాయి. మనకి విదేశం అంటే అమెరికా కాదు, కువైట్, మస్కట్, బహ్రెయిన్. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల పేటల్లో గల్ఫ్‌కి ఆడమనిషిని పంపని వీధి ఏదండి? పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వొదిలి, అరబ్బు ఇంట్లో అంట్లు తోమి, ఇక్కడ అప్పు తీర్చే తల్లులు. వాళ్ళు విమానాలు ఆగిపోయేలోగా, అంటే మార్చి మూడో వారంలోగా, కొంతమంది వొచ్చి పడ్డారు. ఒక్కటి ఒప్పుకోవాలి. జాబితా తయారుచెయ్యడంలో ప్రభుత్వం గట్టిగానే పనిచేసింది. అప్పట్లో 50 ఇళ్ళకి ఒక వాలంటీరు ఉండేవాడు. వాళ్ళూ, ఆశా అక్కలూ, ఏఎన్నెమ్‌లూ ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎప్పుడు వొచ్చారో రాసుకున్నారు. చాలా రాష్ట్రాల్లో అంత తొందరగా జరగలేదు. ఆ తిరిగినవాళ్ళలో సగంమంది మన పేటల పిల్లలే, మూతికి చేతిగుడ్డ కట్టుకుని తిరిగారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

రాసుకున్నాక ఏం చెప్పారు? "ఇంట్లోనే ఉండండి, విడిగా ఒక గదిలో ఉండండి, విడి మరుగుదొడ్డి వాడండి." 

మా వీధిలో మస్కట్ నించి వొచ్చిన ఒకక్కకి ఇదే చెప్పారు. ఆవిడ ఇల్లు ఎలాంటిదంటే, కాలనీ ఇల్లు. ఒక గది, ముందు ఒక వరండా. ఇంట్లో ఆవిడా, ఆవిడ మొగుడూ, ఇద్దరు పిల్లలూ, అత్తగారూ. మరుగుదొడ్డి పునాది మీదే ఆగిపోయింది, ఎదురింటివాళ్ళది వాడుకుంటారు. కుళాయి వీధి చివర. కాగితం తీసుకొచ్చిన కుర్రాడు మనవాడే. చదివి వినిపించి, చుట్టూ చూసి, ఏం మాట్లాడాలో తెలీక నిలబడిపోయాడు. ఆవిడే అంది, "పోనీలే తమ్ముడూ, నేను వరండాలో పడుకుంటాను, రాసుకో" అని. పద్నాలుగు రోజులు ఆవిడ వరండాలో దుప్పటి కట్టుకుని పడుకుంది. రోజూ పొద్దున్నే ఎదురింటి దొడ్లోకే వెళ్ళొచ్చింది. రికార్డులో మాత్రం హోమ్ క్వారంటైన్ సక్రమంగా పూర్తయినట్టే ఉంటుంది. ఆవిడకి జబ్బు లేదు కాబట్టి సరిపోయింది. ఉండుంటే?

ఇది మన ఒక్క పేట కథ కాదు. 2021 మేలో, రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, నల్గొండ జిల్లా కొత్తనందికొండలో ఒక గిరిజన కుర్రాడు, కాలేజీ చదువుకునేవాడు, కరోనా వొస్తే ఇంట్లో వేరే గది లేక చెట్టు మీద వెదురుకర్రలతో మంచె కట్టుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. పేపర్లన్నీ ఫోటో వేశాయి, భలే తెలివైన కుర్రాడన్నాయి. నాకు ఆ పొగడ్త చూసి ఒళ్ళు మండింది. చెట్టెక్కడం తెలివి కాదు బాబూ, గతిలేకపోవడం.

కేరళలో ఏం చేశారో చూడండి. గల్ఫ్ నించి మనకంటే ఎక్కువమంది వాళ్ళకే వొచ్చారు. ఇంట్లో ఉండాలంటే స్నానాలగది కలిసి ఉన్న విడి గది ఉండాలి, ఉందో లేదో పంచాయతీవాళ్ళు వొచ్చి చూడాలి, లేకపోతే ప్రభుత్వ కేంద్రంలోనే ఉంచాలి అని పెట్టుకున్నారు. పంచాయతీల చేత వంటశాలలు నడిపించి, విడిగా ఉన్నవాళ్ళకి అన్నం ఇంటికి పంపారు. ఆదేశం ఇచ్చేముందు ఇల్లు చూశారు, అంతే తేడా. అక్కడ కూడా జబ్బు ఆగిపోలేదు, తర్వాత కేసులు ముంచెత్తాయి. కానీ మొదటి నెలల్లో నెమ్మదించింది. ఆస్పత్రులు సర్దుకోవడానికి టైము దొరికింది. క్వారంటైన్ చెయ్యగలిగింది కూడా అంతే. అది జబ్బుని చంపదు, ఆలస్యం చేస్తుంది.

బొంబాయి ధారావి ఇంకో పాఠం. మన పేట కంటే వందరెట్లు ఇరుకు. 2020 ఏప్రిల్ 1న అక్కడ మొదటి కేసు. జనంలో ఎక్కువమంది వాడేది వీధి మరుగుదొడ్లే. అక్కడి మునిసిపాలిటీ అధికారులు ఇంట్లో ఉండమనడం వృథా అని గ్రహించారు. స్కూళ్ళు, పెళ్ళి హాళ్ళు తీసుకుని మనుషుల్ని అక్కడికి చేర్చి, మూడు పూటలా తిండి పెట్టి, డాక్టర్లని పెట్టారు. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దాయన మెచ్చుకున్నాడు. అదే జూలైలో బొంబాయిలోని మూడు వార్డుల్లో నెత్తుటి పరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందికి, మేడల్లో 16 శాతం మందికి జబ్బు వొచ్చిపోయినట్టు తేలింది. అంటే పేదవాడి ఇల్లే జబ్బుకి దారి. మధ్యలో మంచి అధికారి వొస్తే కొంత అడ్డం పెట్టగలడు గానీ ఇల్లు మారదు.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదండి. 1918లో విషజ్వరం వొచ్చినప్పుడు బొంబాయి నగరం లెక్కలున్నాయి. యూరోపియన్లలో వెయ్యికి ఎనిమిది మంది చనిపోయారు. కులహిందువుల్లో వెయ్యికి 19 మంది. తక్కువకులాలని వాళ్ళు రాసుకున్నవాళ్ళలో వెయ్యికి 61 మందికి పైనే. వైరసుకి కులం తెలీదు అని టీవీలో ఎన్నిసార్లు విన్నామో! వైరసుకి తెలీదు. ఇంటికి తెలుసు, కుళాయికి తెలుసు, ఆస్పత్రి గేటుకి తెలుసు.

సరే, మళ్ళీ మన ఊరొద్దాం. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నించి దేశమంతా బందన్నాడు. నాలుగు గంటల గడువు. హైదరాబాదులో, చెన్నైలో కూలికి వెళ్ళిన మనవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ పడిపోయారు. కోనసీమకి వంతెనలే దారులు కదా. రావులపాలెం, ఎదుర్లంక, చించినాడ. వంతెనకి అటో తాడూ ఇటో తాడూ కడితే కోనసీమ అంతా క్వారంటైనే. యానాం అయితే వేరే రాష్ట్రం లెక్కన తన తలుపు తాను వేసుకుంది.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. మార్చి 27న కేంద్రం ఇంకో ఉత్తర్వు ఇచ్చి వ్యవసాయ పనులకి మినహాయింపు ఇచ్చింది. ఏప్రిల్ అంటే మనకి దాళ్వా కోతలు. చేను ఆగదు, ఇవ్వాల్సిందే, తప్పులేదు. మన పేటల నించి ఆడా మగా కోతకి వెళ్ళారు, కుప్పలు వేశారు, కాటాలు పట్టారు. అదే మనిషి సాయంత్రం ఊళ్ళో కొట్టుకెళ్ళి పావుకేజీ పంచదార అడిగితే "మీ పేటవాళ్ళు ఇటు రావొద్దు, దూరం దూరం" అన్నారు. కోతకొస్తే లేని కరోనా కొట్టుకొస్తే ఎలా వొచ్చిందో! కొబ్బరి దింపువాళ్ళకీ, వలుపువాళ్ళకీ పని పోయింది. అంబాజీపేట మార్కెట్టు కదలకపోతే వాళ్ళ పొయ్యి వెలగదు. వాళ్ళకి మినహాయింపు తెచ్చిన నాథుడు లేడు.

ఆ వేళ మనందరి నోట్లో పెట్టిన మాట "సామాజిక దూరం". గుర్తుందా? గోడల మీద రాశారు, ఫోను చేస్తే వినిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థే మార్చి 20న ఆ మాట మార్చి, భౌతిక దూరం అందాం, మనుషుల మధ్య సంబంధం తెగకూడదు అంది. మనవాళ్ళు ఆ మార్పు వినిపించుకోలేదు. ఎందుకు వినిపించుకుంటారు? ఆ మాట ఈ దేశానికి తియ్యగా తగిలింది. మా తాతలు చెప్పింది ఇదే కదా, ఆచారంలో ఎంత సైన్సుందో చూశారా అని నమస్కారానికీ మడికీ జైకొట్టిన పెద్దమనుషుల్ని మీరూ విన్నారు, నేనూ విన్నాను. ఆరడుగులు దూరం పెట్టమన్నది జబ్బు ఉండొచ్చన్న అనుమానంతో, అందర్నీ అందరికీ. పుట్టుకని చూసి పెట్టమనలేదు, పద్నాలుగు తరాలకి పెట్టమనలేదు.

మనకి వెలి కొత్త కాదు. 1991లో చుండూరులో చంపేముందు మన వాళ్ళని ఊరు వెలివేసింది. 2017లో ఇక్కడే, నది అవతల పశ్చిమ గోదావరిలో, గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు పేట మొత్తాన్ని పనిలోకి పిలవకుండా, పొలం కౌలుకివ్వకుండా ఆపేశారు. వెలిలోనూ మనిషిని ఆపుతారు, కూలి పోతుంది, కొట్టు మూస్తారు. క్వారంటైన్‌లో రెండో సగం తీసేస్తే మిగిలేది అచ్చంగా వెలే. పేట దారికి అడ్డంగా కొబ్బరిమానులు పడేసి "కరోనా, లోపలికి రావొద్దు" అని రాసిన ఊళ్ళు రాష్ట్రమంతా ఉన్నాయి. కొన్నిచోట్ల మనమే వేసుకున్నాం, అదీ చెప్పాలి. పక్క పేట గల్ఫ్ అక్కని మన వీధి కుళాయి దగ్గరికి రానివ్వని మనవాళ్ళు కూడా ఉన్నారు. భయం మనకి కూడా కులబుద్ధి నేర్పుతుంది.

ఇప్పుడు చట్టం మాట. ఇది కార్యకర్తలు చెవినిబెట్టి వినాలి. 2020లో మనల్ని ఆపడానికి వాడిన ముఖ్యమైన చట్టం ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వొస్తే తెల్లదొరలు ఫిబ్రవరి 4న హడావుడిగా చేసుకున్నారు. నాలుగే సెక్షన్లు. మనుషుల్ని సోదా చెయ్యొచ్చు, విడదీసి ఉంచొచ్చు, మాట విననివాణ్ణి శిక్షించొచ్చు, మంచి ఉద్దేశంతో చేసిన అధికారి మీద దావా వెయ్యకూడదు. ఖర్చులూ, నష్టపరిహారం అంటూ ఏమన్నా ఉంటే అదీ, ఎవరు భరించాలో ప్రభుత్వం తేల్చుకోవొచ్చు. అధికారాలన్నీ ఉన్నాయి గానీ, ఆపిన మనిషికి అన్నం పెట్టాలన్న బాధ్యత ఒక్క ముక్కలోనైనా లేదు. ఆ ప్లేగులోనే పూనాలో సిపాయిలు ఇళ్ళల్లో జొరబడి మనుషుల్ని లాక్కెళ్ళారు. జూన్‌లో ర్యాండ్ దొరని కాల్చారు. ఆ కథ స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. అదే పూనాలో అదే సంవత్సరం ఇంకొకటి జరిగింది. సావిత్రిబాయి ఫూలే, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి, ఊరవతల ప్లేగు రోగులకి ఆస్పత్రి పెట్టింది. జబ్బుపడ్డ ఒక మహర్ పిల్లాణ్ణి తనే ఎత్తుకుని మోసుకొచ్చింది. ఆ జబ్బే తగిలి మార్చి 10న చనిపోయింది. ఆవిడ కూడా రోగుల్ని విడిగానే ఉంచింది చూడండి. అయితే విడిగా ఉంచినవాళ్ళ దగ్గర తను ఉంది.

ఆ చట్టమే నూట ఇరవై మూడేళ్ళ తర్వాత మన మీదికి వొచ్చింది. దాని వెనక లాఠీ వొచ్చింది. 2020 జూలైలో చీరాలలో మాస్కు పెట్టుకోలేదని ఒక దళిత కుర్రాణ్ణి పోలీసులు ఆపారు. కొన్ని రోజులకి శవమై తేలాడు. కొట్టి చంపారని తల్లిదండ్రులన్నారు, జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. ఎస్సైని సస్పెండ్ చేశారు, పది లక్షలు ప్రకటించారు. ఒక్క మాస్కు ఖరీదు అది. అంతకుముందు ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆస్పత్రి మత్తుడాక్టరు సుధాకర్, మనవాడే, మాకు మాస్కులు చాలడం లేదు అన్నందుకు సస్పెండయ్యాడు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచికట్టిన ఆ డాక్టరు బొమ్మ దేశమంతా చూసింది. పిచ్చాసుపత్రికి పంపారు. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. ఏడాది తర్వాత, 2021 మే 21న, గుండె ఆగి చనిపోయాడు. మాస్కు లేదని ఒకణ్ణి, మాస్కులు లేవన్నాడని ఒకణ్ణి!

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదని నేను అబద్ధం చెప్పను. మార్చి 29 నించి ఉచిత బియ్యం ఇచ్చారు. ఏప్రిల్ 4న కార్డున్న ఇంటికి వెయ్యి రూపాయలిచ్చారు. క్వారంటైన్ కేంద్రం నించి ఇంటికెళ్ళే పేదవాడికి రెండువేలు ఇస్తామన్నారు. ఈ రెండువేలు నా దృష్టిలో మంచి ఆలోచన. దేశంలో చాలాచోట్ల అది కూడా లేదు. కానీ ఆ రెండువేలు కేంద్రంలో ఉన్నవాడికి. వరండాలో దుప్పటి కట్టుకున్న అక్కకి కాదు. పద్నాలుగు రోజుల కూలి లెక్కేసినా రెండువేలు చాలదు. పైగా అది దయగా ఇచ్చారు, హక్కుగా కాదు. అందుకే జనం ఏం చేశారు? జొరం వొస్తే దాచారు. పరీక్షకి వెళ్ళలేదు. కేసని తేలితే ఇల్లంతా పద్నాలుగు రోజులు పస్తు, గుమ్మానికి కాగితం, ఊళ్ళో మర్యాద పోవడం. మొదట్లో ఒక్క కేసుకి చుట్టూ మూడు కిలోమీటర్లు మూసేసేవాళ్ళు కదా, ఆ నింద కూడా ఆ ఇంటి మీదే పడేది. గుమ్మాలకి అలా కాగితాలు అంటించొద్దని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 డిసెంబరు 9 అయింది. దాచిన జొరాన్ని ఏ క్వారంటైన్ పట్టుకుంటుంది?

ఎంత దాగిందో లెక్క ఉంది. 2020 ఆగస్టులో ప్రభుత్వమే నాలుగు జిల్లాల్లో నెత్తుటి పరీక్షలు చేయించింది. మన తూర్పు గోదావరిలో 14.4 శాతం మందికి అప్పటికే వొచ్చిపోయిందని తేలింది. 2011 జనాభా లెక్కల్లో జిల్లా యాభై ఒక్క లక్షలు దాటింది. అంటే ఏడు లక్షల పైమాట. అప్పటికి కాగితాల మీదికెక్కిన కేసులు అందులో చిన్న ముక్క. మిగతా వాళ్ళంతా మన మధ్యే ఉన్నారు, పనుల్లోకి వెళ్ళారు, వాళ్ళకి తెలిసీ తెలియకా. చివరికి రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటే ఎక్కువ కేసులు తేలింది కూడా మన పాత తూర్పు గోదావరిలోనే.

అదే ఆగస్టులో గోదారి వొచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారు. పదిహేడు లక్షల క్యూసెక్కులు దాటితేగాని అది ఎగరెయ్యరు. లంకలు మునిగాయి. ఏ స్కూళ్ళల్లో దూరం దూరం అన్నారో ఆ స్కూళ్ళల్లోకే లంకవాళ్ళని తీసుకొచ్చి చాపలు పరిచారు. తప్పు అధికారులది అని కూడా అనలేను, మునిగిపోతుంటే ఎక్కడ పెడతారు? కానీ ప్రతి ఏడూ మునిగే లంకల్లో ఎవరున్నారు? అక్కడ మెరక మీద మనకి ఇళ్ళస్థలాలు ఎన్నేళ్ళుగా అడుగుతున్నాం? క్వారంటైన్ పాలసీ ఎక్కడ మొదలవుతుందంటే నన్నడిగితే అక్కడ అంటాను. 

అల్లవరం మండలం బోడసకుర్రులో పేదలకని కట్టిన టిడ్కో ఇళ్ళున్నాయి. కరోనా వొచ్చేనాటికి వాటిని పేదలకి అప్పగించలేదు. వాటినే కోవిడ్ కేంద్రం చేశారు. పడకలు దొరికాయి, ఎందరో బతికి బయటపడ్డారు, కాదనను. కానీ తమకని కట్టిన ఇంట్లోకి పేదవాడు మొదటిసారి అడుగుపెట్టింది రోగిగా!

ఇంక ముగింపుకొస్తున్నాను, అక్కలు లేస్తున్నారు, పొయ్యిమీద అన్నం ఉంటుంది. రెండు చట్టాలు గుర్తుపెట్టుకోండి. 2005 విపత్తుల చట్టం, 2020లో దీన్నీ మనమీద వాడారు. దాంట్లో 51వ సెక్షను శిక్షలు అందరికీ చెప్పారు. 12వ సెక్షను ఎవరూ చెప్పలేదు. సహాయ శిబిరాల్లో వసతి, తిండి, మంచినీళ్ళు, వైద్యం, పారిశుధ్యం కనీసం ఇంత ఉండాలని ప్రమాణాలు పెట్టమని అది అప్పట్లో చెప్పింది. 61వ సెక్షను సహాయంలో కులం చూసి తేడా చెయ్యకూడదంటుంది. రెండోది మన అట్రాసిటీ చట్టం. 2016 జనవరి 26 నించి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా అందులో నేరం. రేపు ఇంకో జబ్బు పేరు చెప్పి పేటకి అడ్డం కట్టి, కొట్టు మూస్తే, ఇది క్వారంటైనా, వెలా అని అడగండి. క్వారంటైన్ అయితే బియ్యం ఏవీ, గది ఏదీ అని అడగండి. చూపించలేకపోతే కాగితం రాసి స్టేషనుకి వెళ్దాం.

ఆ అడగడానికి మన చేతిలో లెక్క ఉండాలి. అప్పుడు వాలంటీరు మన లెక్క రాసుకెళ్ళాడు, మన లెక్క మన దగ్గర లేదు. ఈ పేటలో ఒక్క గది ఇళ్ళెన్ని, మరుగుదొడ్డి లేనివెన్ని, ఒక కుళాయికి ఎన్ని ఇళ్ళు, షుగరు, టీబీ, ఆయాసం ఉన్న ముసలాళ్ళెందరు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళెందరు, పద్నాలుగు రోజులు పదిమందిని ఉంచాలంటే కమ్యూనిటీ హాలుకి తలుపులున్నాయా, నీళ్ళున్నాయా. ఇవన్నీ రాసి ఏప్రిల్ 14 గ్రామసభలో పెట్టి, తీర్మానం పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఎందుకు ఎక్కించలేదో రాసిమ్మనాలి. నోట్‌బుక్కులు తెచ్చాను. చర్చి వెనక వరస నేను రాస్తాను. కాలవగట్టు ఇళ్ళు ఎవరు రాస్తారో చేతులెత్తండి.